కోల్డ్ స్టోరేజీలో కోల్డ్ బూట్

భద్రాచలం పేరులో 'చలం' ఉందిగానీ చలి లేదు. వైశాఖంలో ఆ చుట్టుపక్కల చలి కావాలంటే కరెంటు పెట్టి తయారు చేసుకోవలసిందే. అలా తయారు చేసిన చలిని నాలుగు గోడల మధ్య బిగించి, దాని నిండా ఎండు మిరపకాయల బస్తాలు పేర్చి, సారంగపాణి ఒక కోల్డ్ స్టోరేజీ నడుపుతున్నాడు. పర్ణశాలకు పోయే తోవలో, ఒక పక్క మిరప చేలు, ఇంకో పక్క అడవి. కింద ఆఫీసు, పైన ఇల్లు, వెనకాల గోదాము. బయట చిల్లీ అంటే కారం, లోపల చిల్లీ అంటే చలి. ఆ రెండూ కలిసి మనిషి మీద పడితే ఎట్లా ఉంటుందో ఆ ఆదివారం మధ్యాహ్నం దాకా వీరేందర్‌కు తెలియదు.

తలుపు మూసుకున్నాక తెలిసింది. వీరేందర్ కాస్తా అందర్ అయ్యాడు.

"మామా, ఇది తెర్సుకుంటలేదు."

"మొఖం మంచిగ పెట్టుమను," అన్నాడు సారంగపాణి వెనక నుంచి.

"ఎవర్ని?"

"నిన్నేరా."

"నా మొఖం దానికి ఎరుకలేదు మామా. దానికి ఎరుకున్నయి రెండే మొఖాలు. ఒకటి నీది, ఒకటి మేనేజర్ చందర్‌ది. రా, కెమెరా ముంగట నిలబడు."

సారంగపాణి వచ్చి నిలబడ్డాడు. బనీను, లుంగీ, భుజాన తువ్వాల, నుదుట నిలువు నామం. తలుపు పక్కన అరచేయంత తెర మీద ఒక చక్రం తిరగడం మొదలుపెట్టింది. గానుగెద్దుకు కూడా విసుగు పుట్టేంతసేపు తిరిగి, చివరికి 'సమయం మించినది, మరల ప్రయత్నించండి' అని చెప్పి ఊరుకుంది. మరల ప్రయత్నించాడు. మరల మించింది. ముఖం చూసి తెరిచే తలుపే గానీ, దానికి మొహమాటం మాత్రం లేదు. యజమాని అని కూడా చూడలేదు.

జానెడు మందం తలుపు. రెండు ఇనప రేకుల మధ్య చలి పోకుండా కూరిన సరుకు. కరెంటు తీసేసినా బోల్టు బిగుసుకునే ఉంటుంది తప్ప వదలదు. లోపలి పక్క ఒకప్పుడు గడియ ఉండేది. బస్తాలు మాయమవుతున్నాయన్న అనుమానంతో ఈ కొత్త తాళం పెట్టించిన రోజునే సారంగపాణి ఆ గడియను ఊడబీకించి, బెజ్జానికి రేకు అతికించాడు. గడియ పోయాక ఇప్పుడు తెలుస్తోంది, ఒక్కో గడియ ఎంత పొడుగో.

"ఎంత చూపిస్తుందిరా?" అన్నాడు, చేతులు చంకల్లో పెట్టుకుంటూ.

వీరేందర్ తెర మీద అంకె చూశాడు. ఆరు డిగ్రీలు. బయట నలభై అయిదు. మధ్యలో ఒక తలుపు. అతని మనసులో మెదిలింది ఆ అంకె కాదు, సారంగపాణి గుండె. మూడేళ్ళ కింద అందులో రెండు స్ప్రింగులు వేశారు. చల్లగాలికి తిరగొద్దని డాక్టరు చెబితే, 'నాదే చల్లగాలి దుకాణం సారూ' అని నవ్వి వచ్చాడాయన. అయినా అప్పటి నుంచి ఆ గోదాములోకి అడుగు పెట్టలేదు. లోపలి పనంతా చందర్‌దే. ఇవ్వాళ వచ్చింది, తన ముఖాన్ని లోపలి కెమెరాకు ఒక్కసారి చూపించి పోవడానికి. ఒక్క నిమిషం పని అని తీసుకొచ్చింది వీరేందర్.

ఈ వీరేందర్‌కు పాల్వంచలో కంప్యూటర్లు బాగుచేసే దుకాణం ఉంది. వాళ్ళ నాన్న, సారంగపాణి ఒకే బొగ్గుబాయిలో ఒకే షిఫ్టు దిగిన వాళ్ళు. అందుకే మామ, అల్లుడు అన్న వరసలు. పొద్దున బండి మీద వచ్చింది ఈ తలుపును నడిపే కంప్యూటర్‌కు దుమ్ము దులపడానికి. దాని ఫ్యాన్ నిండా మిరప దుమ్ము పట్టి, కూనను పోగొట్టుకున్న పిల్లిలాగా అరుస్తోంది. దులపాలంటే ముందు ఆపాలి. ఆపబోతే సారంగపాణి చెయ్యి పట్టుకున్నాడు.

"ఆర్పుతవా?"

"ఆర్పక? తిరిగే ఫ్యాన్ల వేలు పెట్టమంటవా?"

"జర మెల్లగ. మీ అత్త చెవుల పడ్తది."

అత్త అంటే అరుణశ్రీ. సంగతి ఏమిటంటే, సారంగపాణి బాయిలో దిగిన ప్రతి షిఫ్టుకూ కాలనీ క్వార్టర్‌లో ఆమె ఒక దీపం పెట్టేది. ఆయన పైకి వచ్చి, గుమ్మంలో కాళ్ళు కడుక్కునే దాకా అది వెలగాలి. ముప్పై ఏళ్ళు వెలిగింది. ఆయన రిటైరైన రోజున దీపం కూడా రిటైరైంది. ఆ తరవాత గుండె జబ్బు వచ్చి, ఆయన దవాఖానా నుంచి ఇంటికి చేరిన సాయంత్రం ఆమె మళ్ళీ దీపం వెలిగించింది. ఈసారి కింద ఆఫీసు గదిలో, ఆ రోజే కొత్తగా బిగించిన కంప్యూటర్ పక్కన. ఏసీ గాలికి అది కాస్తా కొండెక్కింది. ఆమె గుండె జారిపోయి నిలబడి ఉంటే, చీకట్లో కంప్యూటర్ మీది సన్నటి పచ్చ లైటు ఒక్కటే వెలుగుతూ కనబడింది. దానికే దండం పెట్టింది. నువ్వున్నన్ని దినాలు ఆయన ఉండాలె తల్లీ అని మొక్కింది. అప్పటి నుంచి దానికి పసుపు, కుంకుమ. దానికి తోడు బ్యాటరీ, బ్యాటరీకి తోడు జనరేటర్. ఈ మూడేళ్ళలో ఆ మిషన్ ఒక్క క్షణం ఆగలేదు.

"మామా, అది కంప్యూటర్."

"దీపం గూడ ఇత్తడే గదరా," అన్నాడు సారంగపాణి. ఆయన నవ్వలేదు.

వీరేందర్ అక్కడ వాదించవలసింది. కానీ ఆకలి వేస్తోంది, పై నుంచి పచ్చిపులుసు వాసన వస్తోంది. అందుకని మధ్యే మార్గం చెప్పాడు. "ఆర్పొద్దు తియ్. పండుకోబెడ్దాం. పండుకున్నా పచ్చ లైటు మినుకుమినుకుమంటనే ఉంటది. దులుపుకొని లేపుదాం." అరుణశ్రీ కిందికి వచ్చి లైటు మినుకుమనడం కళ్ళారా చూసి, సరేనంది. నిద్ర అంటే చావు కాదుగదా. వీరేందర్ దులిపాడు, తుడిచాడు, లేపాడు. తెర వెలిగింది. ఫ్యాన్ మూగనోము పట్టింది.

కంప్యూటర్ పడుకున్నప్పుడు తలుపు బిగుసుకుంటుందేమోనని, ముందుచూపుతో తలుపు సందులో ఒక మిరపకాయల బస్తా అడ్డం పెట్టాడు. అంత ముందుచూపు ఉన్న మనిషే, లోపలి కెమెరాను చూద్దామని సారంగపాణిని తీసుకొచ్చి, ఆ బస్తాను కాలితో లోపలికి లాగేశాడు. తలుపు మెత్తగా, మర్యాదగా మూసుకుంది.

లోపల ఇప్పుడు చలి ఒక పక్క, ఘాటు ఒక పక్క. మిర్చికి మెర్సీ ఉండదు. ముక్కులోకి పోయి, గొంతులో కూర్చొని, కళ్ళలోంచి బయటికి చూస్తుంది. ఒక తుమ్ముకు ఆగాలి, రెండు తుమ్ములకు సాగాలి అంటారు పెద్దలు. వాళ్ళిద్దరూ తుమ్ములు లెక్కపెట్టే దశ దాటిపోయారు. ఆగడం తప్ప సాగడానికి తోవ లేదు.

సెల్‌ఫోన్‌కు ఆ గోడల మధ్య సిగ్నల్ రాదు. సారంగపాణి చేతిలో సారంగం లేకపోతే పోయె, సెల్లు కూడా లేదు. ఉన్నది ఒక్కటే, గోడకు బిగించిన తీగ ఫోన్. ఏ వరసలో ఎన్ని బస్తాలు దింపారో హమాలీలు ఆఫీసుకు చెప్పేది అందులోనే. వీరేందర్ ఎత్తగానే అరుణశ్రీ పలికింది.

"బువ్వ సల్లారుతుంది. ఇంక ఎంతసేపు?"

"అత్తా, మేము గూడ సల్లారుతున్నం. తలుపు తెర్సుకుంటలేదు."

అవతల కాళ్ళ చప్పుడు, తలుపు మీద రెండు చేతుల దెబ్బలు. అవి లోపలికి ఎక్కడో గోదావరి అవతలి ఒడ్డున బట్టలు ఉతుకుతున్నట్టు వినిపించాయి. మళ్ళీ ఫోన్ దగ్గరికి వచ్చింది. వీరేందర్ చెప్పినట్టు ముందు చలి మిషన్లు ఆపేసింది. దాంతో గాలి ఆగింది గానీ చలి ఆగలేదు. నెలల తరబడి చల్లబడిన వేల బస్తాలవి. ఒక్కో బస్తా ఒక్కో మంచుగడ్డ. తరవాత చందర్‌కు ఫోన్ చేసింది. పెళ్ళికి పోయినవాడు, అడవి తోవలో ఉన్నాడేమో, ఫోన్ కలవలేదు. హమాలీలంతా చర్ల అంగడికి పోయారు. భద్రాచలంలో వెల్డింగ్ చేసేవాడు దొరికాడు. రేకు కోసే సామాను ఇంకెక్కడో పనిలో ఉందట, తీసుకొని వచ్చేసరికి పొద్దుగూకుతుందన్నాడు.

"పొద్దుగూకేదాక?" అన్నాడు సారంగపాణి. తలకు తువ్వాల చుట్టుకున్నాడు. వీరేందర్ రెండు ఖాళీ గోనెసంచులు వెతికి ఆయన భుజాల మీద కప్పాడు. వాటినిండా మిరప గింజలు. కప్పుకుంటే మంట, తీసేస్తే వణుకు. సారంగపాణి పళ్ళు టకటకమని తాళం వేస్తున్నాయి. ఆ గోదాములో పనిచేస్తున్న తాళం అదొక్కటే.

వీరేందర్ మళ్ళీ ఆ తెర ముందుకు పోయి నిలబడ్డాడు. చక్రం తిరుగుతోంది. కంప్యూటర్‌తో సంబంధం తెగిపోలేదు, తప్పు చెప్పలేదు. పని చేస్తోంది, కాకపోతే నత్తలాగా చేస్తోంది. ముఖం పోల్చుకొనే లోపలే గడువు అయిపోతోంది. అతనికి ఏదో తట్టింది. ఫోన్ ఎత్తాడు.

"అత్తా, కంప్యూటర్ ముంగట కూసోని మౌస్ జరుపు. బాణం గుర్తు కదులుతుందా?"

"కదులుతుంది. గని, గోదావరిల లాంచీ లెక్క పోతుంది. చెయ్యి ఆపినంక ఎప్పటికో ఒడ్డుకు చేరుతుంది."

వీరేందర్ గోడకు ఆనుకున్నాడు. గోడ చల్లదనం వీపు దాటి పోయింది. తెలిసిపోయింది. తెలియడం వేరు, తెరుచుకోవడం వేరు.

"ఏందిరా?" అన్నాడు సారంగపాణి.

"మామా, కంప్యూటర్ లేసేటప్పుడు లోపట ఇద్దరు లేస్తరు. ముందుగాల లేసేది ఫర్మ్‌వేర్. దాని ఎన్క లేసేది కెర్నల్."

"మిలిట్రీ కర్నలా?"

"గంతకన్న పెద్దోడే. మన బాయి లెక్కల చెప్త, ఇను. షిఫ్టు దిగకముందు అందరికన్న ముంగట లోపటికి పొయ్యేది ఎవరు?"

"సర్దార్." సారంగపాణి వణుకుతూనే నిటారుగా అయ్యాడు. "గాలి మంచిగున్నదా, పైకప్పు నిలబడి ఉన్నదా, అన్ని చూసి రావాలె. ముప్పై ఏండ్లు నేనే."

"ఫర్మ్‌వేర్ అంటే గా సర్దార్ అనుకో. కెర్నల్ అంటే ఎన్క దిగే ఓవర్‌మన్. ఇగ షిఫ్టంత ఆయన చేతులనే. పనిచేసే జాగ పక్కన సామాన్ల పెట్టె ఉంటది గద? ఈ సర్దార్ ఆ పెట్టెకు తాళం తియ్యకుంటనే పోయిండు."

"నేను గట్ల ఒక్కనాడు పోలే!"

"నిన్ను గాదు మామా, ఈ కంప్యూటర్ల సర్దార్ సంగతి! పెట్టె తెరువకపోతే ఒక్కో బోల్టు కోసం పనోడు బాయి మీదికి ఎక్కి, స్టోరుకు పోయి, మళ్ళ దిగాలె. పని అయితది, గని యాడాది అయితది. ప్రాసెసర్ పక్కన గూడ గట్లాంటి పెట్టె ఒకటి ఉంటది. ఊకె కావాల్సినయి చేతికందేటట్టు పెట్టుకుంటది. క్యాష్ అంటరు."

"క్యాష్ బీరువల ఉన్నది గదరా."

"గా క్యాష్ గాదు! ... సరే, ఇను. మంచి ఓవర్‌మన్ ఏం జేస్తడు? దిగంగనే పెట్టె దిక్కు చూస్తడు. తాళం ఉంటే సర్దార్‌ను తిట్టుకుంట కూసోడు. తనే తీస్తడు, 'మూసి ఉండె, తెరిచిన' అని ఒక్క ముక్క రాస్తడు, పనిల పడతడు. ఈ కెర్నల్ గట్లనే చేసింది. పొద్దున దాని పాత రాతలు నేను చదివిన. మూడేండ్ల కింద మొదటిసారి లేసినప్పుడు రాసుకున్నది, ఫర్మ్‌వేర్ ఆపి పెట్టింది, నేను సరిచేసిన అని. గప్పటి సంది పండుకోలే, గందుకే మంచిగ నడిచింది."

"ఇయ్యాల పండుకోబెట్టినం."

"అవ్. పండుకొని లేస్తే మళ్ళ ముందుగాల లేసేది సర్దారే. వాని అలవాటు వానిది, మళ్ళ తాళం ఏసి పోయిండు. ఎన్క లేసిన ఓవర్‌మన్, 'మొదటి దినమే తెరిచిన గద' అని అటు దిక్కు చూడలే. కొత్త కెర్నల్‌లు నిద్రలేసినా చూసుకుంటయి. ఇది పాతది."

ఫర్మ్‌వేర్ ఫర్మానా అలాంటిది. కింద నుంచి వస్తుంది, ఎవరికీ చెప్పదు, పైన అందరూ అది పాటించవలసిందే, ఎవరైనా తిరిగి చూసే దాకా.

"అయితే ఏం జెయ్యాలె?"

వీరేందర్ ఆయన ముఖం చూడకుండా చెప్పాడు. "పూర్తిగ బందు చేసి, మళ్ళ మొదటి నుంచి లేపాలె. కోల్డ్ బూట్ అంటరు. గప్పుడు ఓవర్‌మన్ కొత్తగ దిగుతడు, పెట్టె చూస్తడు."

ఈ చలిలో ఇంకా కోల్డ్ ఏమిటని సారంగపాణి అడగలేదు. ఆయన తెర మీది అంకె వైపు చూస్తున్నాడు.

"ఆమె ఆర్పదు," అన్నాడు.

ఆర్పనే ఆర్పనంది. వీరేందర్ రెండుసార్లు చెప్పాడు, మూడోసారి అరిచాడు. అరుణశ్రీ గొంతు పెంచలేదు. "నేను మొక్కింది నీకు కాదు వీరేందర్, దానికి. ఆయన లోపట ఉన్నప్పుడు నా చేతులతోని నేనే ఆర్పాల్నా? బాయిల ఉన్నప్పుడు ఆర్పిననా ఏనాడన్న?"

"అత్తా, ఆర్పకుంటే బయటికి రాడు."

"ఆర్పితే ఎట్ల వస్తడు?"

వీరేందర్ కంప్యూటర్ చదువులో ఆ పాఠం లేదు. ఫోన్ చేతిలో పట్టుకొని వెనక్కి తిరిగి చూస్తే, సారంగపాణి బస్తా మీద కూర్చొని ఎడమ భుజం పిసుక్కుంటున్నాడు.

"మామా, గుండె దగ్గరనా?"

"చలికి పట్టేసింది."

"మామా."

"చలికేరా." ఆయన చెయ్యి చాపి ఫోన్ నోరు మూసేశాడు. గొంతు తగ్గించాడు. "ఆమెకు చెప్పకు. నొప్పి అని ఇన్నదంటే ఇగ దాన్ని అసలే ముట్టదు. లైటును ఒళ్ళ పెట్టుకోని కూసుంటది."

చెప్తే ఆర్పదు. చెప్పకపోతే తొందరపడదు. ఈ తలుపు కన్నా ఆ తలుపు మందంగా ఉందనిపించింది వీరేందర్‌కు. చుట్టూ కప్పు దాకా బస్తాలు, రెండు వరసల మధ్య మనిషి పట్టేంత సందు. కప్పు మీద ఒకటే బల్బు. సారంగపాణి నోటి నుంచి వచ్చే ఆవిరి పలచబడుతోంది. చలి తగ్గినందుకో, ఆయన ఊపిరి తగ్గినందుకో అర్థం కాక, వీరేందర్ తన నోటి ఆవిరి కూడా ఊది చూసుకున్నాడు. తనది దట్టంగానే ఉంది.

ఆయన చెయ్యి ఫోన్ మీద నుంచి తీసేసి, "అత్తా," అన్నాడు. "మామకు భుజం నొస్తుంది. ఎడమ భుజం."

సారంగపాణి వాణ్ణి ఒక తిట్టు తిట్టాడు. ఆ తిట్టులో కూడా సగమే బయటికి వచ్చింది, మిగతా సగానికి ఊపిరి చాలలేదు.

అవతల కుర్చీ జరిగిన చప్పుడు. ఫోన్ పెట్టేసిందేమో అనుకున్నాడు. పెట్టలేదు. ఊపిరి వినిపిస్తోంది.

"వీరేందర్," అంది. "కోవెల్ల అఖండ దీపం ఒత్తి మార్చేటప్పుడు ఏం జేస్తరు?"

"నాకేం ఎరుక అత్తా. నేను దేవునికి దూరపు చుట్టాన్ని."

"దాని నిప్పుతోని ముందుగాల ఇంకో చిన్న దీపం ముట్టిస్తరు. తోడు దీపం. అది పక్కన వెలుగుతుంటే, ఇది కొండెక్కినా అఖండం తెగినట్టు కాదు. ఒత్తి మార్చి, మళ్ళ తోడు దీపంతోని దీన్ని ముట్టిస్తరు." ఆగింది. "దీని కరెంటుతోని వెలిగేది ఇంకోటి ఏదన్న ఉన్నదా?"

వీరేందర్ నోరు తెరిచాడు, తుమ్మాడు, మళ్ళీ తెరిచాడు. "సెల్లు! అత్తా, నీ సెల్లు! చార్జింగ్ తీగ తెచ్చి కంప్యూటర్ ముంగటి బొక్కల పెట్టు. దాని కరెంటు దీంట్లకు ఎక్కుతది."

"తీగ పైన ఉన్నది," అంది. ఫోన్ బల్ల మీద పెట్టిన చప్పుడు, మెట్ల మీద పరుగు. యాభై దాటిన మనిషి, మోకాళ్ళ నొప్పులు. మెట్లెక్కిన చప్పుడు ఆగి, దిగిన చప్పుడు మొదలయ్యే దాకా లోపల ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

"పెట్టిన," అంది రొప్పుతూ.

"బ్యాటరీ గుర్తు మీద మెరుపు వచ్చిందా?"

"రాలే."

"తిప్పి పెట్టు."

వీరేందర్‌కు బాగా తెలుసు, ఆ మెరుపుకూ ఈ తలుపుకూ ఏ సంబంధమూ లేదు. కెర్నల్‌కు మొక్కు తెలియదు, ప్రాసెసర్‌కు పసుపు తెలియదు. అయినా ఆ మెరుపు కోసం అతను ఊపిరి బిగబట్టాడు. ఫోన్ అంచు అరచేతిలోకి దిగబడుతోంది.

"వచ్చింది," అంది. "వచ్చింది వీరేందర్, మెరుస్తుంది."

"జరసేపు ఎక్కనియ్యి."

ఇద్దరూ ఆగారు. సారంగపాణి కూడా ఆగాడు, భుజం పట్టుకొని, కళ్ళు మూసుకొని.

"ఇగ తీగ గుంజి, సెల్లు చేతుల పట్టుకో."

"పట్టుకున్న."

"గట్టిగ పట్టుకో," అన్నాడు. అన్నాక, ఆ మాట తనదేనా అని ఆశ్చర్యపడ్డాడు. "ఇప్పుడు పెద్ద బటన్ ఒత్తి పట్టుకో. పచ్చ లైటు పొయ్యేదాక."

"పొయ్యేదాక అనకు."

"కొండెక్కేదాక."

ముందు తలుపు పక్కన తెర నల్లబడింది. తిరుగుతున్న చక్రం తిరుగుతూనే మాయమైంది. ఆరు డిగ్రీలన్న అంకె కూడా పోయింది. ఎంత చలి ఉందో చెప్పేవాడు లేకపోయేసరికి చలి రెండింతలైనట్టు అనిపించింది. సారంగపాణి కుడిచెయ్యి తనంతట తనే ఛాతీ మీదికి పోయింది. వీరేందర్ ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చొని ఆయన మణికట్టు పట్టుకున్నాడు. నాడి ఎక్కడుంటుందో తెలియక నాలుగు చోట్ల వెతికాడు.

ఫోన్‌లో, "ఏమండీ," అంది అరుణశ్రీ.

వీరేందర్ ఫోన్‌ను ఆయన చెవి దగ్గర పెట్టాడు.

"ఆఁ."

"ఏమండీ."

"ఉన్ననే."

"ఏమండీ."

"ఉన్న అంటున్న గద! బటన్ ఒత్తు మళ్ళ!"

ఒత్తింది. తిట్టగలిగినవాడు తిరిగి రాగలడనుకుందో ఏమో, ఈసారి గొంతులో వణుకు తగ్గింది. "ఏందో ఇంగిలీషు రాతలు పడుతున్నయి. జల్దీ జల్దీ పోతున్నయి. చదువుడు అందుతలేదు."

"జల్దీ పోతున్నయా? పోనియ్యి! ఫర్మ్‌వేర్ అన్న మాట కనపడితే చెప్పు."

"ఆఁ... ఫర్మ్‌వేర్... అది ఆపి పెట్టిందట. ఇది సరిచేస్తుందట. గంతే. పోయింది పైకి."

"ఓవర్‌మన్ దిగిండు మామా!" వీరేందర్ కేకకు బస్తాల మీది దుమ్ము లేచి, ఇద్దరికీ మళ్ళీ తుమ్ములు పట్టుకున్నాయి.

తెర వెలిగింది. ఆరు, పక్కన చిన్న గుండ్రటి డిగ్రీ గుర్తు. వీరేందర్ సారంగపాణిని చంకల కింద పట్టి లేపి, కెమెరా ముందు నిలబెట్టాడు. చక్రం ఒక్క చుట్టు కూడా పూర్తిగా తిరగలేదు. 'గుర్తించలేకపోతున్నాము' అంది.

ఇంత తొందరగా కాదన్నందుకు వీరేందర్‌కు ఆనందం, కాదన్నందుకు గుండె గుభేలు, రెండూ ఒకేసారి కలిగాయి. తిరిగి చూశాడు. తలకు తువ్వాల, వాచిపోయిన కళ్ళు, దొండపండు లాంటి ముక్కు, తుమ్ముల్లో చెరిగిపోయి చెంపల దాకా పాకిన నామం. ఆ ముఖాన్ని అరుణశ్రీ కూడా గుర్తుపట్టదు. గబగబా తువ్వాల విప్పాడు. దానితోనే తుడవబోయి, దానికీ కారమేనని గుర్తొచ్చి, తన చొక్కా లోపలి అంచుతో తుడిచాడు.

"మామా, ఫొటో దిగినప్పుడు ఎట్ల ఉన్నవో గట్ల ఉండు."

"గప్పుడు... కోపంగ ఉన్న. ఫొటో తీసెటోడు గంటసేపు నిలబెట్టిండు."

"అయితే కోపం తెచ్చుకో."

"నీ మీద ఉన్నది గదరా, పొద్దుమాపు సరిపోయేటంత!"

ఆయన కళ్ళు పెద్దవి చేసి కెమెరాను ఉరిమి చూశాడు. గోడలో ఎక్కడో బోల్టు జారింది. తలుపు వేలెడు సందిచ్చింది. ఆ సందులోంచి వైశాఖపు వడగాలి ముఖాన కొట్టింది. జీవితంలో మొదటిసారి వీరేందర్‌కు అది కమ్మగా తోచింది.

అరుణశ్రీ ఆఫీసు నుంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. సెల్లును ఎడమ అరచేతిలో పెట్టి, కుడి అరచేయి గాలికి అడ్డం పట్టింది. దాని తెర వెలుగుతోంది. కొండెక్కకుండా చూసుకోవడానికి మధ్య మధ్య బొటనవేలితో ముట్టుకున్నట్టుంది, దాని నిండా పసుపు మరకలు. ఆమె సారంగపాణిని తల నుంచి కాళ్ళ దాకా చూసింది. ఆయన ఏదో అనబోయి, ఎండలోకి రెండడుగులు వేసి, గుమ్మం పక్కన అరుగు మీద కూలబడ్డాడు. భుజం మీది చెయ్యి తియ్యలేదు.

"వీరేందర్, కారు తియ్. తాళంచేతులు మెట్ల కాడ ఉన్నయి. భద్రాచలం దవాఖానాకు పోదాం."

"నడుస్త," అన్నాడు సారంగపాణి.

"నడుద్దురు గని, కూసోండి."

వీరేందర్ కారు అరుగు దగ్గరికి తెచ్చేసరికి ఆమె ఇంకా అట్లాగే ఉంది. ఒక చేత్తో దీపం, మోచేత్తో ఆయన్ని ఆనించుకొని లేపడానికి చూస్తోంది. ఆయన లేవడం లేదు. ఒక్క మోచెయ్యికి లేచే మనిషి కాదాయన. రెండు చేతులూ కావాలి.

అంతలో ఆమె అరచేతిలో దీపం మోగింది. చందర్.

"ఎత్తు అత్తా, లేకపోతే ఊకె చేస్తడు," అన్నాడు వీరేందర్.

అరుణశ్రీ సెల్లు వైపు చూసింది. వెలుగుతోంది, వణుకుతోంది, పసుపు పూసిన అద్దం మీద చందర్ పెళ్ళిబట్టల ఫొటో నవ్వుతోంది. వెనక్కి తిరిగి చూసింది. ఆఫీసు కిటికీలోంచి పచ్చ లైటు కనిపించే దిక్కు అదే. తరవాత మొగుడి నుదుటి మీది చెమట చూసింది. నలభై అయిదు డిగ్రీల ఎండలో అది చల్లటి చెమట.

"నువ్వే మాట్లాడు," అని సెల్లును కారు కిటికీలోంచి వీరేందర్ ఒళ్ళో పడేసింది. రెండు చేతులూ చాచి, ఆయన చంకల కింద దూర్చి, బస్తా లేపినట్టు లేపింది.

"మెల్లగనే," అన్నాడు సారంగపాణి.

"మీరు నోరు మూసుకోని ఊపిరి తీసుకోండి," అంది ఆమె.

వీరేందర్ ఒళ్ళో చందర్ మోగీ మోగీ ఊరుకున్నాడు. తెర చీకటైంది. అటు ఎవరూ చూడలేదు. ఆమె ఆయన్ని వెనక సీట్లో కూర్చోబెట్టి, తలుపు వేసి, కిటికీలు నాలుగూ తానే దించి, పోనియ్యి అంది.